పిరికి మాంత్రికుడి వేషం

పిరికి మాంత్రికుడి కథలంటే ఆ రాజ్యంలో జనం చెవి కోసుకునేవారు. గవరమ్మ మేళం వాటిని జాతరలో నాటకంగా ఆడబోతోందని తెలిసి మంత్రి ఆమెను పిలిపించాడు.

"మాంత్రికుడి వేషం మా బావమరిదికివ్వు. లేదంటే ఆట లేదు."

కాబోయే సేనాపతి ఆ బావమరిది. పక్కనే మీసం దువ్వుతున్నాడు. గవరమ్మ ఆ వేషం తన మేళంలో హాస్యగాడు తవిటయ్యకని ఎప్పుడో అనుకుంది. కానీ జాతర పోతే మేళానికి ఏడాది తిండి పోయినట్టే.

"అలాగే దొరా. కానీ ఈ బాబును చూసి నవ్వే ధైర్యం ఎవరికుంది?"

"నవ్వమని దండోరా వేయిస్తాను."

"అయితే నవ్వుతారు. వేషం కట్టినవాణ్ణి మళ్లీ జాతరదాకా ఆ పేరుతోనే పిలవడం మన ఆనవాయితీ కదా. రేపు యుద్ధంలో సైన్యం బాబును ఏమని పిలుస్తుందో తమరే ఆలోచించండి."

మీసం మీద చెయ్యి ఆగిపోయింది.

మంత్రి గొంతు తగ్గించాడు. "ఎవరూ నవ్వని వేషం ఏదైనా ఉందా?"

"కొండ ఉంది దొరా."

జాతరలో తవిటయ్య ఆ కొండ చాటున దాక్కుని జనాన్ని కడుపుబ్బ నవ్వించాడు. కొండ కదల్లేదు.

ఆనవాయితీ ప్రకారం కొత్త సేనాపతిని సైన్యం 'కొండ' అని పిలిచింది. అది తన ధైర్యానికి దక్కిన బిరుదని అతను చివరిదాకా నమ్మాడు.