జాజు పూసిన గొర్రెలు

ఆ ఏడు కెంచప్పకు కంటిమీద కునుకు లేకుండా చేసినవి నట్టలు. గొర్రె కడుపులో చేరి, అది తిన్నదాన్ని తామూ తిని బతికే సన్నపాటి పురుగులవి. వాన పడితే చాలు, తడిగడ్డితో పాటు మందలోకి దిగుతాయి. కిందటి వానాకాలంలో మఠం మందలో పదకొండు గొర్రెలు పోయాయి. కెంచప్ప మందు పోశాడు. తగ్గకపోతే మళ్లీ పోశాడు. మూడోసారికి ఆ మందు నట్టలకు తీర్థంలాగా అలవాటైపోయింది.

మఠమంటే గోపురాలూ గంటలూ ఏమీ లేవు. మడకశిర వైపు రాళ్లగుట్టల మధ్య ఒక మట్టిమిద్దె, ఒక దొడ్డి, నూటయిరవై గొర్రెలు. కురుబల గురువు మాళప్ప ఒడెయరు ఉండేది అక్కడే. మంత్రం కావాలని వచ్చినవాడికి ఆయన ముందు మందను అప్పగిస్తాడు. గొర్రెలు కాయడం వచ్చినవాడికి మిగతాది చెప్పడం ఎంతసేపని ఆయన నమ్మకం. కెంచప్ప వచ్చి ఆరేళ్లయింది. ఆ మిగతాది ఇంకా చెప్పలేదు.

అంతకుముందు కెంచప్ప ఒక పశువుల ఆసుపత్రిలో సహాయకుడిగా చేశాడు. అక్కడి డాక్టరు ఉద్యోగం చాలించి వెళ్తూ తన పాత మైక్రోస్కోపును ఇతనికి ఇచ్చి వెళ్లాడు. పెంటికను నీళ్లలో కలిపి, వడగట్టి, ఒక చుక్క గాజుపలక మీద పెట్టి చూస్తే నట్టల గుడ్లు కనిపిస్తాయి. ఎక్కువ గుడ్లుంటే కడుపులో ఎక్కువ నట్టలున్నట్టు. ఆ చుట్టుపక్కల ఈ విద్య తెలిసినవాడు తనొక్కడే. ఆ సంగతి కెంచప్ప ఒక్కరోజు కూడా మరిచిపోలేదు.

మాఘమాసంలో గురువు శిష్యుల ఊళ్లు తిరిగి రావడానికి బయలుదేరాడు. నలభై రోజుల తిరుగుడు. వెళ్తూ కంబళి భుజాన వేసుకుని, "మంద నీదే అనుకో నాయనా" అన్నాడు.

అప్పటికి గొర్రెలు ఈనుతున్నాయి. మూడు వారాలు తిరిగేసరికి దొడ్డి నిండా పిల్లలు. కెంచప్పకు ఒక ఆలోచన వచ్చింది. మందు పని చెయ్యనప్పుడు నట్టలను ఆపలేని గొర్రెలనే తీసేస్తే పోలేదా? గట్టివి మిగులుతాయి, వాటి సంతతీ గట్టిగా ఉంటుంది. ఆలోచన తప్పేమీ కాదు. తెలిసినవాళ్లు చేసే పనే అది.

వారం రోజులు కూర్చుని ఒక్కో గొర్రె పెంటికనూ చూశాడు. చాలావాటిలో గుడ్లు అక్కడొకటి ఇక్కడొకటి. పంతొమ్మిదింటిలో మాత్రం చల్లిన ఆవాల్లాగా కనిపించాయి. ఆ పంతొమ్మిదింటి వీపుల మీద జాజు పూశాడు. ఎర్రటి గుర్తులు ఎంత దూరానికైనా కనపడతాయి.

మంద పని చూసే ఈరక్క ఆ గుర్తులు చూసి చేతిలో చీపురు కింద పెట్టింది.

"ఇవి పాలగొర్రెలు కదప్పా. సామి వచ్చేదాకా ఆగరాదా?"

"నీకు కనపడేది పొదుగు ఈరక్కా. నాకు కనపడేది లోపలుండేది" అన్నాడు కెంచప్ప.

ఈరక్క చీపురు మళ్లీ చేతికి తీసుకుంది. మైక్రోస్కోపులో చూసేవాడితో చదువురాని మనిషి ఏం వాదిస్తుంది?

సంతనాడు గొర్రెల బేరగాడు దస్తగిరి వచ్చి పద్దెనిమిదింటిని తోలుకుపోయాడు. ఒక మచ్చల గొర్రెను మాత్రం తోక దగ్గర నొక్కి చూసి, "దీనిమింద కండ యాడుందప్పా, నువ్వే పెట్టుకో" అని వదిలేశాడు. పిల్లలన్నీ మఠంలోనే ఉండిపోయాయి. ఈరక్క మేకపాలు సీసాలో పోసి వాటికి పట్టడం మొదలుపెట్టింది.

వారానికి గురువు తిరిగొచ్చాడు. కాళ్లు కూడా కడుక్కోకుండా దొడ్డి దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. కెంచప్ప పక్కనే నిలబడి చేసిన పనంతా చెప్పాడు. ఎలా చూశాడో, ఎన్ని గుడ్లు కనిపించాయో, ఎలా ఏరాడో వివరంగా చెప్పాడు. మెచ్చుకుంటాడని ఎదురుచూశాడు కూడా. మనం కప్పిపుచ్చడమెందుకు, ఆ రోజు మంత్రం కూడా చెప్తాడేమోనని ఆశపడ్డాడు.

"ఎప్పుడు చూసినావు నాయనా?"

"ఈనిన నెలలోపలే సామీ. ఆలస్యం చెయ్యలేదు."

గురువు దొడ్డి గోడమీద చెయ్యి ఆనించాడు. తర్వాత మచ్చల గొర్రె దగ్గరికి వెళ్లి, కంటిరెప్ప కిందికి లాగి చూశాడు. లోపల ఎర్రగా ఉండాల్సిన చోట పాలిపోయి ఉంది. దాని పొదుగు కింద రెండు పిల్లలు, చెరో పక్క, తలలతో కుమ్ముతూ తాగుతున్నాయి. పిల్లలు నిగనిగలాడుతున్నాయి.

"దీనికి మందు పొయ్యొద్దు. మూడు వారాలు నాకొదిలెయ్" అన్నాడు.

ఆ పూట నుంచి గురువు తన వంతు ఉలవ గుగ్గిళ్లు తినడం మానేశాడు. పొద్దున గుప్పెడు, సాయంత్రం గుప్పెడు పట్టుకుపోయి ఆ గొర్రె ముందు కూర్చుంటాడు. నాలుగు రోజులకు గుప్పెడు రెండు గుప్పెళ్లయింది. అది ఆయన అరచేతిలోనే తింటుంది. ఆయన రాగిసంకటి ముద్దొకటి తిని నీళ్లు తాగి పడుకుంటాడు. ముసలాయనకు చాదస్తం ముదిరిందనుకున్నాడు కెంచప్ప. గురువును అలా అనుకున్నందుకు లోపల లెంపలేసుకున్నాడు గానీ అనుకోవడం మాత్రం మానలేదు.

మూడు వారాలు గడిచాక గురువు ఆ గొర్రె పెంటికలు నాలుగు తెచ్చి కెంచప్ప ముందు పెట్టాడు.

"ఇప్పుడు చూడు."

కెంచప్ప చూశాడు. పలక మార్చి మళ్లీ చూశాడు. కాసేపటికి స్వయంగా వెళ్లి, గొర్రె వెనకే కాచుకుని, కొత్త పెంటిక తెచ్చి మూడోసారి చూశాడు. ఆవాలు చల్లినట్టున్న చోట వెతికితే నాలుగో అయిదో ఉన్నాయి.

"ఏం మందు పెట్టినారు సామీ?"

"అన్నం పెట్టినా."

గురువు అతని ఎదురుగా కూర్చున్నాడు.

"గొర్రె కడుపులో ఒక కావలి ఉంటాది నాయనా. పిల్లగా ఉన్నప్పుడు ఉండదు. ఏళ్ల తరబడి మేసి, నట్టల చేత బాధపడి, సంపాదించుకుంటాది. ఆ కావలి ఉన్న గొర్రె కొత్త నట్టను నిలవనియ్యదు. ఈనిన నెలల్లో మాత్రం, కావలి కాసేవాళ్లను కూడా పాల పనికి పంపిస్తాది. ఎన్ని పాలిస్తే అంత కావలి తక్కువ. కడుపు నిండా పెడితే ఆ కావలి మళ్లీ వస్తాది." ఆయన ఆగాడు. "ఈ సంగతి పోయేముందు నీకు చెప్పి ఉండాల్సింది. అడుగుతావులే అనుకున్నా. నాదీ తప్పే."

కెంచప్పకు అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చింది. చెవి చీలిన గొర్రె, మూడుసార్లూ కవలల్నే ఈనింది. కుంటిది, తల్లి చచ్చిన పిల్లను కూడా దగ్గరకు రానిచ్చేది. జాజు పూసినవన్నీ జంటపిల్లల తల్లులే. మందలో గట్టివని తను మిగిల్చుకున్నవి ఒంటి పిల్లను ఈనినవో, అసలు ఈననివో. తన కళ్ల ముందు పెరిగిన గొర్రెలవి. పేరుపేరునా తెలుసు. తెలిసీ గుర్తు పెట్టాడు.

లేచి పరుగెత్తాడు. ఎనిమిది మైళ్లు. దస్తగిరి ఇంటి ముందు మంచం మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"నా గొర్రెలు వెనక్కి కావాల. ఎంతైనా ఇస్తా."

దస్తగిరి అతన్ని వింతగా చూశాడు. "ఎప్పటి మాటప్పా అది! నెల కావస్తోంది. కోతకు కదా నేను కొనేది."

కెంచప్ప అక్కడే నేలమీద కూలబడ్డాడు. పాపం, దస్తగిరి లోపలికెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చిచ్చాడు.

తిరిగొచ్చేసరికి పొద్దు వాలుతోంది. నేరుగా గదిలోకి వెళ్లి మైక్రోస్కోపును రెండు చేతులా పైకెత్తాడు, నేలకేసి కొట్టడానికి. గురువు వెనకనుంచి వచ్చి దాన్ని పట్టుకున్నాడు.

"అదేం చేసింది నాయనా? నట్టల్ని చూపించమన్నావు, చూపించింది. పిల్లల్ని నువ్వు కదా చూడల్ల."

దాన్ని మెల్లగా విడిపించి, బల్లమీద దాని చోట పెట్టాడు. గుడ్డ కూడా కప్పాడు. తర్వాత కెంచప్ప భుజం పట్టుకుని దొడ్డి దగ్గరికి నడిపించాడు.

మేతకు వెళ్లిన మంద గుట్ట దిగి వస్తోంది. ఆ వేళకు పిల్లల దొడ్డి తలుపు తీసేది ఈరక్క. కెంచప్ప రోజూ ఆ వేళకు గదిలో మైక్రోస్కోపు ముందు ఉండేవాడు. ఈరక్క అలవాటుగా తలుపు దగ్గరికి పోబోయింది. గురువు వద్దన్నట్టు చెయ్యి చూపించాడు.

"నువ్వు తియ్యి" అన్నాడు కెంచప్పతో.

కెంచప్ప గడియ తీశాడు. పిల్లలన్నీ ఒక్కసారిగా బయటపడ్డాయి. అటు తల్లులు అరుస్తున్నాయి, ఇటు పిల్లలు అరుస్తున్నాయి. ఆ గోలలోనే ఏ పిల్లకా పిల్ల తన తల్లి గొంతు ఆనవాలు పట్టుకుని పోయి, మోకాళ్లు వంచి, పొదుగందుకుని తోక ఆడించసాగింది. కాసేపటికి గోల సద్దుమణిగింది. పాలు తాగే చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

మధ్యలో మిగిలాయి ముప్పై మూడు పిల్లలు. ముప్పై ఆరు ఉండాల్సింది, మూడు పోయాయి. నెలవుతున్నా వాటికి అలా పరుగెత్తే అలవాటు పోలేదు. ఈ గొర్రె దగ్గరికి పోతే ఇది కుమ్మింది, ఆ గొర్రె దగ్గరికి పోతే అది తన్నింది. రెండు పిల్లలు, కవలలే కాబోలు, తిరిగి తిరిగి కెంచప్ప దగ్గరికొచ్చి అతని కంబళిలోకి మూతులు దూర్చి వెతకసాగాయి.

కెంచప్ప వాటిని తొయ్యలేకపోయాడు. మెల్లగా నేలమీద కూర్చున్నాడు. ఒక పిల్ల అతని వేలు నోట పెట్టుకుని గట్టిగా చప్పరించింది. అతనికి ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

"వీటికి నేనేం చెప్పల్ల సామీ?"

గురువు మేకపాల సీసా అతని చేతికిచ్చాడు.

"చెప్పేదానికేముంది నాయనా. రేపట్నుంచి తలుపు నువ్వే తియ్యి."