కొమ్ము గంగన్న ఆకు

కొన్నాళ్లుగా నాగిదేవుడికి అన్నం సయించడం లేదు.

మఠంలో మహనీయుల కోశాన్ని కొత్త తాటాకుల మీదికి ఎక్కిస్తున్నారు. ఆ సీమలో పుట్టి, పదిమందీ చెప్పుకోదగ్గ పని చేసి పోయినవాళ్ల వివరాలన్నీ అందులో ఉంటాయి. గురువు రేవణయ్యకు చూపు తగ్గడంతో, ఎవరిని ఉంచాలో ఎవరిని తీసేయాలో తేల్చే పని శిష్యుడైన నాగిదేవుడి నెత్తిన పడింది. కొత్త ప్రతిలోకి ఎక్కని పాత ఆకుల్ని ఏటిలో వదిలేయడం ఆ మఠం ఆచారం. వదిలాక ఇక అంతే. ఆ మనిషి పుట్టనట్టే.

రాజులతో, దాతలతో పేచీ లేదు. వాళ్లు ఎవరినీ అడక్కుండానే కోశంలోకి వచ్చి కూర్చుంటారు. చిక్కంతా కొమ్ము గంగన్నతోనే వచ్చింది.

ఎప్పటివాడో గంగన్న, కోట వాకిట కొమ్ము ఊదే కాపలావాడు. శత్రువులు మీద పడినప్పుడు కొమ్ము ఊది ఊరిని లేపాడనీ, ఊదుతూనే ప్రాణం విడిచాడనీ ఒక ఆకు చెబుతోంది. ఆ ఊదడం శత్రువులకు సంకేతమనీ, కోట తలుపు తీసింది కూడా వాడేననీ ఇంకో ఆకు చెబుతోంది. పురుగు తిన్న ఆ రెండు ఆకుల్లో తప్ప గంగన్న మాట ఇంకెక్కడా లేదు.

తెల్లారితే పాత ఆకులు ఏటికి పోవాలి. నాగిదేవుడు ఆ రెండూ పట్టుకుని గురువు దగ్గరికి వెళ్లాడు.

“అయ్యా, నాకు భయంగా ఉంది.”

“దేనికి నాయనా?”

“ఉంచితే ద్రోహికి దండ వేసినవాణ్ణవుతానేమో. తీసేస్తే ఊరికోసం చచ్చినవాణ్ణి నా చేత్తో మళ్లీ చంపినవాణ్ణవుతానేమో. అసలు ఒక కాపలావాడు కోశానికి తగినవాడేనా? మీరే చెప్పండి. మీరు ఏదంటే అది చేస్తాను.”

పాపం, భయమంతా గురువు మీదికి దించేసి పోదామని వచ్చాడు. రేవణయ్య ఏమీ తేల్చలేదు. ఒక కొత్త ఆకు తీసి అతని చేతిలో పెట్టాడు.

“ఆ రెండు మాటలూ రాయి.”

నాగిదేవుడు గంటం పట్టి రాశాడు. ఊరిని లేపాడన్నదీ రాశాడు, తలుపు తీశాడన్నదీ రాశాడు. రాయడం అయ్యాక అలవాటుగా మసి పిడత కోసం చెయ్యి చాపాడు. గంటంతో గీసిన అక్షరాలు మసి పూస్తేనే కదా కంటికి ఆనేది! పిడత అక్కడ లేదు. గురువు దాన్ని తన వెనక్కి జరుపుకున్నాడు.

“అయ్యా, మసి పూయకపోతే ఉత్త ఆకులాగే ఉంటుంది. ఎవరు చదువుతారు?”

రేవణయ్య ఆకు తీసుకుని బొటనవేలితో మెల్లగా తడిమాడు. గంగన్న పేరు దగ్గర వేలు ఆగింది.

“నిజం తెలిసినవాడు వచ్చి పూస్తాడు. కోశంలో కట్టు.”

ఆ మాటతో నాగిదేవుడి మనసు కుదుటపడాల్సింది. పడలేదు. ఆకును దారానికి గుచ్చుతుంటే భయం ఇంకా పెరిగింది.

“ఎవరూ రాకపోతే?”

రేవణయ్య తడుముకుంటూ శిష్యుడి భుజం మీద చెయ్యి వేశాడు.

“ఈ భయం ఉంటుంది నాయనా, నాకూ ఉంది. ఇది పోయిన రోజున గంటం కింద పెట్టెయ్.”