బరువు తీసేస్తే

ధనరాజుకు మూడు రోజులుగా కంటిమీద కునుకు లేదు. దానికి కారణం ఒక ఉత్తరం.

విశాఖ హార్బరు దగ్గర, ఒకప్పుడు గోనెసంచులు దాచిన గోదాములో ఎల్లాజీ మాస్టారి బాక్సింగ్ హాలు ఉంది. రేకుల కప్పు, వేలాడే ఇసుక మూటలు, నాలుగు తాళ్ళ రింగు, పదకొండు మంది కుర్రాళ్ళు. అంతే ఆ హాలు. దానికి ఎక్కడో దూరపు నగరం నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడ ఏడాది పాటు పెద్ద శిక్షణ శిబిరం పెడుతున్నారట. "ఏ బరువు వాడైనా సరే, మీ హాలులో అందరికన్నా మంచి బాక్సర్ ఎవరో ఒక్క పేరు పంపండి" అని రాశారు.

ధనరాజుకు పంతొమ్మిదేళ్ళు. యాభై ఒక్క కిలోల తరగతిలో ఆడతాడు. తెల్లారకముందే చేపల రేవులో ఐసు పెట్టెలు మోసి, సాయంత్రం హాలుకు వస్తాడు. ఆ ఒక్క పేరు తనదే కావాలని వాడికి ప్రాణం కొట్టుకుంటోంది. మాస్టారు మాత్రం పెదవి విప్పడం లేదు. మాటల దగ్గర ఆయన మహా పిసినారి. "చెయ్యి పైకి", "గడ్డం కిందికి" అన్న రెండు మాటలతో ముప్పై ఏళ్ళు నెట్టుకొచ్చిన మనిషి.

నాలుగో రోజు ధనరాజు ఉండబట్టలేక అడిగేశాడు.

"మాస్టారూ, మనోళ్ళందరిలోకీ మంచి బాక్సర్ ఎవడండీ?"

మాస్టారు రింగు తాడు బిగిస్తున్నారు. తలెత్తలేదు.

"నువ్వే చెప్పు. పదకొండు పేర్లూ వరసగా రాసుకురా. ఎవడు ఎందుకు అక్కడున్నాడో పక్కన రాయి."

అడిగినంత తేలిక కాదు రాయడం. యాభై ఒక్క కిలోలవాడు తొంభై కిలోలవాడితో ఎప్పుడూ ఆడడు. ఆడనివాళ్ళలో ఎవడు గొప్ప అంటే ఏం చెబుతాం? ధనరాజు పెన్సిలు నమిలి నమిలి ఒక ఉపాయం కనిపెట్టాడు. పదకొండు మందినీ మనసులోనే ఒకే బరువుకు తెచ్చేశాడు. లావైనవాళ్ళను సన్నబరిచాడు, బక్కవాళ్ళకు కండ పట్టించాడు. అప్పుడు ఎవరి కాళ్ళు చురుకు, ఎవరి చెయ్యి సూటి, ఎవరికి దమ్ము ఎక్కువ అని చూశాడు.

మొదట తన పేరే వచ్చింది. సిగ్గేసింది, కానీ కొట్టేయలేదు. మూడేళ్ళలో ఒక్కసారే ఓడాడు మరి. రెండు నుంచి పది దాకా కిందా మీదా పడి సర్దాడు. పదకొండో చోట నూకన్న పేరు రాశాడు.

నూకన్న టింబరు డిపోలో లారీలకు దుంగలు ఎత్తుతాడు. ధనరాజుకన్నా మూడేళ్ళు పెద్ద. తొంభై ఒక్క కిలోలు దాటినవాళ్ళ తరగతి వాడిది. ఆ తరగతికి కింద గీతే గానీ పైన గీత లేదు, ఎంత తిన్నా అడిగేవాడు లేడు. అంత మనిషీ బల్ల మీద కూర్చునేటప్పుడు మాత్రం ఎవరికి అడ్డమో ఏమో అన్నట్టు ఓ అంచున కూర్చుంటాడు. వాడంటే ధనరాజుకు ఇష్టమే. ఇష్టం ఇష్టమే, వరస వరసే. మూడో రౌండు వచ్చేసరికి నూకన్న కాళ్ళు కదలడం మానేస్తాయి. "బండి ఆగిందిరోయ్!" అని హాలు కుర్రాళ్ళంతా నవ్వుతారు. అందుకని వాడి పేరు పక్కన ధనరాజు ఇలా రాశాడు: "మూడో రౌండుకు దమ్ము ఉండదు. బరువు వల్ల నెగ్గుతున్నాడు. బరువు తీసేస్తే ఏమీ మిగలదు."

మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని కాగితం పై నుంచి కింద దాకా చదివారు. పదకొండో పేరు దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగారు. తరవాత మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

"ఆదివారం జిల్లా పోటీలు కదా. తూకం అయ్యాక పంపుదాం. ఈలోగా నీకో పని. ఇవాళా రేపూ అందరికీ గుడ్లూ సెనగలూ నువ్వే పంచు."

ధనరాజు గతుక్కుమన్నాడు.

ఆదివారం తూకానికి వాడు రెండు కిలోలు తగ్గాలి. అంటే ఈ రెండు రోజులూ తిండి లేదు. నీళ్ళు కూడా గుక్కెడే. ఎండలో స్వెట్టరు వేసుకుని పరిగెత్తాలి, బుగ్గన చింతపిక్క పెట్టుకుని ఊరిన ఉమ్మంతా ఉమ్మేయాలి. అలా తూకానికి మాడేవాడు, మిగతావాళ్ళు తినేటప్పుడు వెనక గోడకేసి తిరిగి కూర్చోవడం ఆ హాలులో పాత అలవాటు. వాడిని ఎవరూ పిలవరు, పలకరించరు. మూడేళ్ళుగా ప్రతి పోటీ ముందూ ధనరాజు చూసింది ఆ గోడ సున్నమే.

"నాను తగ్గాలి కదండీ మాస్టారూ..." అన్నాడు జాలిగా.

"తినమన్నానా? పంచమన్నాను."

ఆ సాయంత్రం ధనరాజు గంగాళం చంకనెత్తుకుని బల్లల మధ్య తిరిగాడు. ఉడికిన గుడ్ల వాసన ఇంత బాగుంటుందని వాడికి ఎప్పుడూ తెలియదు. మాస్టారి మీద పట్టరాని కోపం వచ్చింది. ఒక్కొక్కరి పళ్ళెంలో గుడ్డు పెట్టుకుంటూ, సెనగలు పోసుకుంటూ చివర కూర్చున్న నూకన్న దగ్గరకు వచ్చాడు.

"నాకొద్దురా. ఇంటికాడ తినీసి వచ్చినాను" అన్నాడు నూకన్న.

మంచిదే, ఒక గుడ్డు వాసన తప్పింది అనుకుని ధనరాజు వెళ్ళిపోయాడు.

శనివారం కూడా నూకన్న పళ్ళెం తీయలేదు. "పన్ను నొప్పిరా" అన్నాడు దవడ పట్టుకుని. వాడి పెదాలు తెల్లగా పొక్కిపోయి ఉన్నాయి. పొద్దున అద్దంలో తన పెదాలు కూడా అలాగే ఉన్నాయని ధనరాజుకు గుర్తొచ్చింది. ఏదో అనుమానం తగిలింది గానీ, ఆకలి దాన్ని నిలవనివ్వలేదు. పంచడం అయ్యాక చూస్తే గంగాళం అడుగున రెండు గుడ్లు మిగిలాయి. వాటిలో ఒకటి తనది.

ఆదివారం పొద్దున స్టేడియం వరండాలో కాటా పెట్టారు. ధనరాజు ఊపిరి బిగబట్టి ఎక్కాడు. యాభై కిలోల తొమ్మిది వందలు. గండం గడిచింది. చొక్కా వేసుకుంటూ అక్కడే నిలబడ్డాడు.

అందరికన్నా చివర నూకన్న ఎక్కాడు. కాటా దగ్గరున్న పెద్దాయన ముల్లు చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"తొంభై ఒకటీ మూడు వందలు! ఏమయ్యా, ఇంకో మూడు వందల గ్రాములు తగ్గుంటే ఈ తరగతిలో నీకు ఆట లేదు. పై గీత లేనివాడివి, నువ్వెందుకయ్యా మాడుతున్నావు?"

నూకన్న వెర్రినవ్వు నవ్వి కాటా దిగాడు.

గురువారం హాలు కాటా మీద వాడు తొంభై నాలుగున్నాడు. ధనరాజు తన కళ్ళతో చూశాడు. నూకన్న చెయ్యి పట్టుకుని స్తంభం చాటుకు లాక్కుపోయాడు.

"పన్ను నొప్పన్నావు. ఏదీ, ఏ పన్ను?"

"తగ్గిపోనాదిరా."

"శుక్రవారం ఇంటికాడ ఏటి తిన్నావు?"

నూకన్న నేల చూపులు చూశాడు. అబద్ధం ఆడటంలో వాడికి మొదటి రౌండు దమ్ము కూడా లేదు.

"నువ్వలా గోడకేసి తిరిగి కూకుంటే నాకు ముద్ద దిగదురా" అన్నాడు చివరికి. "రెండ్రోజులు మానీస్తే నాకేటి పోతాది? ఒంటినిండా ఉంది కదేటి."

"ఎన్నాళ్ళ నుంచి?"

"నువ్వు మొదటిసారి మాడినావు సూడు, అప్పటి నుంచి."

మూడేళ్ళు. ప్రతి పోటీలోనూ మూడో రౌండులో ఆగిపోయిన ఆ కాళ్ళు ధనరాజు కళ్ళ ముందుకొచ్చాయి. "బండి ఆగిందిరోయ్" అని అందరికన్నా గట్టిగా అరిచింది తనే. రెండు రోజులుగా నీళ్ళు లేని ఒంట్లో అన్ని కన్నీళ్ళు ఎక్కడ దాక్కున్నాయో, ఒక్కసారిగా వచ్చేశాయి.

"ఓరి, ఏడుస్తావేటిరా? తూకం సరిపోయింది కదా!" అని నూకన్న కంగారుపడ్డాడు.

అప్పటికి మాస్టారు గుడ్ల డబ్బా పట్టుకుని అటే వచ్చారు. ధనరాజు కళ్ళు తుడుచుకుని చెయ్యి చాపాడు.

"ఆ కాగితం ఒకసారి ఇవ్వండి మాస్టారూ."

మాస్టారు జేబులోంచి తీసి ఇచ్చారు. ధనరాజు విప్పి, అడుగున ఉన్న పదకొండో పేరు మట్టుకు జాగ్రత్తగా చింపి, ఆ ముక్కను గుప్పెట్లో నలిపేశాడు. మిగిలిన కాగితం చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

"నూకన్న పేరు పంపండి మాస్టారూ."

"వాళ్ళు అడిగింది బాక్సర్‌ని" అన్నారు మాస్టారు. "మనలో మంచి బాక్సర్‌వి నువ్వే. మొదటి పేరు తప్పని నేనన్నానా?"

కాగితం తీసుకుని మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.

ఏ కాగితమో, ఏ పేరో నూకన్నకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ధనరాజు శిబిరానికి వెళుతున్నాడని మాత్రం తెలిసింది. అది చాలు వాడికి. ఆ యాభై కిలోల తొమ్మిది వందలనీ అమాంతం భుజానికెత్తుకుని వరండా అంతా తిరిగాడు. "మా తమ్ముడు ఎల్తన్నాడు! మా తమ్ముడు ఎల్తన్నాడు!" అని కనబడ్డవాళ్ళందరికీ చెప్పాడు. కాటా దగ్గర పెద్దాయనకు రెండుసార్లు చెప్పాడు.

కిందికి దించాక ధనరాజు డబ్బాలోంచి ఒక గుడ్డు తీశాడు. నెమ్మదిగా పెంకు వలిచి, నూకన్న నోటి దగ్గర పెట్టాడు.

"నువ్వు తినరా ముందు. కళ్ళు తిరిగి పడిపోతావు" అన్నాడు నూకన్న.

"నువ్వు తింటేనే నాను తింటాను."

ఇద్దరూ మొండివాళ్ళే. చివరికి గుడ్డు రెండు ముక్కలైంది. ఇద్దరూ ఒకేసారి నోట్లో పెట్టుకున్నారు. పచ్చసొన గొంతుకు అడ్డం పడి ఇద్దరూ ఒకేసారి దగ్గారు.

మాస్టారు నీళ్ళ సీసా మూత తీసి అందించారు. వాళ్ళు తాగేదాకా చూసి, తిరిగి వెళ్ళబోతూ ఆగారు.

"ఒరే ధనరాజూ, అక్కడికెళ్ళాక వీడికి ఉత్తరాలు రాస్తూ ఉండు" అన్నారు. "నీ తూకం ఏ రోజో మాత్రం రాయకు."