ఆలస్యంగా లేచిన గీత

సింధూరకు ఎక్కడలేని ఉక్రోషం వచ్చింది. రాదూ మరి! బెంగళూరులో రెండేళ్లు మెదడు పరిశోధనలో పనిచేసి, మాట రాని పిల్లలకు మాటలు నేర్పుతానని కడపకొస్తే, చదివిన చదువంతా ఐదేళ్ల పాప ముందు గాలికిపోయినట్టయింది.

పాప పేరు లాస్య. "బస్సు" అంటుంది, "అన్నం" అంటుంది. రెండు మాటలు కలపమంటే మాత్రం గమ్మునుంటుంది. వాళ్లమ్మ రెడ్డెమ్మ వారానికి మూడుసార్లు రాయచోటి నుంచి బస్సెక్కి తీసుకొస్తుంది. మొగుడు కువైట్ పోయి ఏడాదయింది. ఆర్నెల్లుగా ఫోను కూడా లేదు.

"ఇంట్లో ఉండేది ఇద్దరమే మేడమ్. నా బిడ్డ నాతో కూచోని నాలుగు మాటలు మాట్లాడితే సాలు, ఇంగేం వద్దు," అని మొన్న వెక్కి వెక్కి ఏడ్చింది.

సింధూర తన గురువు కరీముల్లా సారు ముందు ఒక కాగితం పరిచింది. పోయిన నెల పాపను తను పనిచేసిన బెంగళూరు ల్యాబుకు పిలిపించి, తలకు తీగల టోపీ పెట్టి, వాక్యాలు వినిపిస్తూ తీసిన మెదడు గీతలవి.

"చూడండి సార్. విడి మాటకు గీత వెంటనే లేస్తోంది. మాటల్ని కలిపి అర్థం చేసుకోవాల్సిన చోటే చాలా ఆలస్యం. లోపం అక్కడుంది. అందుకే స్టాప్‌వాచీ పట్టుకుని మూడు సెకన్లు చూసి, చెప్పకపోతే నేనే మాట అందిస్తున్నా. అయినా లాభం లేదు."

నలభై ఏళ్లుగా పిల్లల చేత మాట పలికిస్తున్న మనిషి ఆయన. కళ్లజోడు సవరించుకుని గీతను చూశారు.

"లేస్తోంది కదా?"

"లేస్తోంది సార్. కానీ ఆలస్యంగా."

ఆయన కాగితం పక్కన పెట్టారు. "మీ అమ్మ పోయి ఎన్నాళ్లయింది తల్లీ?"

సింధూర తెల్లబోయింది. "రెండేళ్లు."

"ఆమె గురించి ఒక్క మాట చెప్పు."

"అమ్మ..." అని ఆగింది సింధూర.

"మంచిదా?"

"అది కాదు సార్. చివర్లో అమ్మ నన్ను..."

"బాగా చూసుకునేదా? అను, బాగా చూసుకునేది."

ఆమె మళ్లీ నోరు తెరిచింది. ఆయన మళ్లీ అందించారు. రెండేళ్లుగా ఎవరికీ చెప్పుకోనిది నాలిక చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

"ఉండండి సార్! చెప్పనీయండి!" అని అరిచేసింది. అరిచి, చేతిలో ఉన్న స్టాప్‌వాచీ చూసుకుని తలదించుకుంది.

బుధవారం రెడ్డెమ్మ పాపతో వచ్చింది. సారు ఓ పక్కగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. సింధూర విమానం బొమ్మ పాప ముందు పెట్టి, "దీని గురించి చెప్పు లాస్యా," అని ఊరుకుంది.

పాప బొమ్మను చూసింది. పెదవులు కదిలాయి, ఆగాయి. రెడ్డెమ్మ ఉగ్గబట్టలేక "చెప్పు బంగారూ, ఇమానం..." అనబోతే సింధూర ఆమె చెయ్యి పట్టుకుంది. వీధిలో మంచినీళ్ల ట్యాంకరు వచ్చింది, నీళ్లు పోసి వెళ్లిపోయింది కూడా. ఎంతసేపని! సింధూర ప్రాణం విలవిల్లాడింది. అయినా నోరు మెదపలేదు.

"నాయన..." అంది పాప. మళ్లీ చాలాసేపు ఏమీ లేదు. "ఎప్పుడు... వస్తాడు?"

ఇన్నేళ్లూ మొక్కని దేవుడు లేకుండా మొక్కి ఎదురుచూసిన మాటలు. విన్న రెడ్డెమ్మకు నోట మాట రాలేదు. పాప వాళ్లమ్మ మొహంలోకే చూస్తోంది.

సింధూర గబగబా ఏదో సర్దిచెప్పబోయింది. సారు వద్దన్నట్టు చేయెత్తి, రెడ్డెమ్మ వైపు తిరిగారు.

"తొందరేం లేదమ్మా. నిదానంగా చెప్పు. పాప ఆగుతుంది."