చదరపు గాడి

అనగనగా, వానా పొగమంచూ వదలని ఒక దూరదేశంలో, గుట్ట మీద ఒక ఊరు ఉండేదమ్మా. కెల్టు జనం ఊరు. వాళ్ళ ఇళ్ళు గుండ్రం, పశువుల దొడ్లు గుండ్రం, పొయ్యి కూడా గుండ్రమే. మూలలున్నది ఏదీ వాళ్ళు కట్టరు.

ఆ ఊరికి పెద్ద డ్రూనా అనే ఆడమనిషి. ఎవరినీ ఓ పట్టాన నమ్మదు. అప్పుడు రోము సైన్యం ఒక్కో ఊరే తగలబెట్టుకుంటూ వస్తోంది. డ్రూనా ఊరికి లోతైన నది అడ్డం. నడిచి దాటడానికి ఒక్కటే చోటు, నీళ్ళ కింద రాతిపరుపు. అదెక్కడుందో ఊరివాళ్ళకే తెలుసు.

ఒకరోజు ముగ్గురు వర్తకులు చిన్న పడవలో ద్రాక్షసారా తెచ్చారు. ఆ ఊరి ఆచారం ఏమిటంటే, వచ్చినవాళ్ళకి ముందు రొట్టె పెట్టాలి, తిన్నాకే పేరడగాలి. ఆ రొట్టె తిన్నవాడి మీద ఊళ్ళో ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. వాళ్ళు తిన్నారు. ఒడ్డున డేరా వేసుకున్నారు.

అప్పుడు డ్రూనా బురదలో వాళ్ళ అడుగులు చూసింది. ముగ్గురి చెప్పుల కిందా ఒకే తీరు మేకులు.

"ఒకే చోట కొనుంటార్లే అక్కా," అన్నాడు తమ్ముడు టాలోర్, సారా ముంత దించకుండా.

ఆ తర్వాత వాళ్ళు మాటల్లో మాటగా, "మీ ఆవులు నది ఎక్కడ దాటతాయి?" అన్నారు.

"సారా అమ్మేవాడికి ఆవుల దారెందుకురా?" అంది డ్రూనా తమ్ముడితో.

"నీకు పాలగిన్నెలో కూడా పామే కనబడుతుంది!"

ఆ తర్వాత ఆమె డేరా దాకా వెళ్ళింది. చుట్టూ గాడి తవ్వి ఉంది. నాలుగు మూలలు, తాడు పట్టినట్టు తిన్నగా. "వాననీటికి," అన్నాడు ఒకడు. డ్రూనా తలూపి వచ్చేసింది.

"టాలోర్, తగలబడిన ఊళ్ళ నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు ఏం చెప్పారు? రోము సిపాయిలు ఎక్కడ పడుకున్నా ముందు చదరంగా కందకం తవ్వుతారని కదా! వీళ్ళు వేషం మార్చారు గానీ, చేతుల అలవాటు మారలేదు."

టాలోర్ ముంత కింద పెట్టాడు. "నరికేద్దామా?"

"మన రొట్టె తిన్నారు. నీ ఇంటికి పిలిచి ఇంకా పెట్టు. కదలనివ్వకు."

వాళ్ళు విందులో ఉండగా, డ్రూనా మనుషులు నదిలో ఊబి ఉన్న మలుపు దగ్గరికి ఆవుల్ని తోలి, నీళ్ళ అంచు నుంచి వెనక్కి మళ్ళించారు. అవతలి ఒడ్డున మేసే మందనీ అలాగే తెచ్చి తిప్పారు. చూసేవాడికి మందంతా అక్కడే నది దాటినట్టుంది.

మర్నాడు వర్తకులు ఆ గిట్టల గుర్తులు చూశారు. ఒకరి మొహం ఒకరు చూసుకుని పడవెక్కారు.

"పేర్లు అడగవా అక్కా?"

"వాళ్ళే మళ్ళీ వస్తారులే."

వచ్చారు. వెనక సైన్యం, ముందు వరసలో ఆ ముగ్గురే, ఈసారి ఇనుప చొక్కాలతో. తిన్నగా ఆ మలుపులోనే దిగారు. ముందువాళ్ళు మెడదాకా కూరుకుపోయారు. అది చూసి వెనకవాళ్ళు తిరిగిపోయారు. ఊరు మిగిలింది.

ఏమిటీ, ఆచారం తప్పారా అంటావా? లేదమ్మా. ఆ ముగ్గురి మీద ఊళ్ళో ఎవరూ చెయ్యి వెయ్యలేదు. ఊబి వాళ్ళకెప్పుడూ రొట్టె పెట్టలేదు కదా!

కథేమో కంచి దారి పట్టింది,
నిదరేమో మనింటి తలుపు తట్టింది.