నాలుగు పాయింట్ తొమ్మిది ఎనిమిది

నిజాముద్దీన్‌కి కొన్నాళ్ళుగా అన్నం సయించడం లేదు. అతను ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లెక్కల మాస్టారు. పరీక్షల పని కూడా అతనిదే. సగటు గ్రేడు అయిదుకి తగ్గితే మూడో ఏడాదికి పంపకూడదని అక్కడి నియమం. ఫలితాలు గోడకి అంటించిన సాయంత్రమే హేమంత్ అనే కుర్రాడు హాస్టల్ వదిలి వెళ్ళిపోయాడు. వారం దాటినా జాడ లేదు.

గురువారం దర్గాకి వెళ్ళి తన గురువు ఖలందర్ షా పక్కన కూర్చున్నాడు. ముసలాయన చాప మీద కూర్చుని ఊదు పొట్లాలు కడుతున్నాడు.

“నా లెక్క తప్పు కాదు బాబా,” అన్నాడు ఎవరూ అడక్కుండానే. “ఒక్కో సబ్జెక్టు గ్రేడును దాని క్రెడిట్లతో హెచ్చవేశాను. అన్నీ కూడి మొత్తం క్రెడిట్లతో భాగించాను. ఎన్నిసార్లు చేసినా ఆ పిల్లాడి సగటు నాలుగు పాయింట్ తొమ్మిది ఎనిమిదే.”

“తప్పని నేననలేదే,” అన్నాడు ముసలాయన.

“మరి నాకెందుకిలా ఉంది?”

గురువు ఇంకో పొట్లం కట్టాడు.

అంతలో గుమ్మంలోకి ఒక మనిషి వచ్చాడు. దుమ్ము కొట్టుకుపోయిన పంచె, చేతిలో ఫోటో. హేమంత్ తండ్రి సుంకన్న, కొడుకు జాడ కోసం ఊరంతా అడుగుతూ తిరుగుతున్నాడు. అంతకుముందే కాలేజీలో ప్రిన్సిపాల్ గది ముందు అతన్ని చూసి ఉన్న నిజాముద్దీన్ లేచి పోబోయాడు. గురువు అతని మోకాలి మీద చెయ్యి వేశాడు.

బయట వేరే ఊరి దర్గాలో జరిగే ఉరుసు ఉత్సవానికి వెళ్ళేవాళ్ళు వ్యాను ఎక్కుతున్నారు. ముసలాయన కర్ర పట్టుకుని లేచి, ఇద్దర్నీ తీసుకెళ్ళి వ్యానుకి అడ్డంగా నిలబడ్డాడు.

“వీళ్ళ పిల్లాడు తప్పిపోయాడు. దారిలో వెతకండి. ఎక్కడ వెతకాలో ఈ మాస్టారు చెబుతాడు.”

ఫోటో చేతులు మారింది. డ్రైవరు దాన్ని వెలుతురుకి పెట్టి చూశాడు.

“చేతిపని ఏమన్నా వచ్చునా సార్? అట్లాంటోళ్ళు మెకానిక్ షెడ్లల్లో చేరుకుంటారు.”

“జతగాళ్ళు యా ఊర్లో ఉండారు నాయనా?” అని వెనక సీట్లోంచి ఒక ముసలామె అడిగింది. “ఏమంటే ఇష్టం పిల్లోనికి?”

నిజాముద్దీన్ సుంకన్న వైపు చూశాడు.

“పదో తరగతి దంక నా కాడ ఉండె సారూ,” అన్నాడు సుంకన్న. “ఆ పైన అంతా హాస్టళ్ళే. రెండేండ్లు మీ కాడ్నే ఉండె. నాకంటే మీకే బాగ తెలుసు. చెప్పండి.”

వర్క్‌షాపు అని ఒక సబ్జెక్టు ఉంది. అందులో ఆ పిల్లాడికి ఎంత వచ్చింది? తన చేత్తోనే హెచ్చవేశాడు. గుర్తు రాలేదు. ఏ బెంచీ మీద కూర్చునేవాడో, ఎవరి పక్కన కూర్చునేవాడో గుర్తు రాలేదు. గుర్తున్నది ఆ సగటు ఒక్కటే, చుక్కతో సహా. సిగ్గుతో తల దించుకున్నాడు.

డ్రైవరు కాసేపు చూసి ఇంజను తిప్పాడు. “కనపడితే చెప్తాంలే అన్నా,” అని సుంకన్నకి ఫోటో తిరిగిచ్చాడు. వ్యాను వెళ్ళిపోయింది.

“నీ లెక్క సరిగ్గానే ఉంది బేటా,” అన్నాడు ముసలాయన. “అది పట్టుకుని పిల్లాణ్ణి వెతకలేం, అంతే.” వెనక్కి వెళ్ళి పొట్లాల ముందు కూర్చున్నాడు.

నిజాముద్దీన్ మెట్ల మీద సుంకన్న పక్కన కూలబడ్డాడు. “మీవాడు ఎట్లాంటివాడు?” అని అడిగాడు.

సుంకన్న చెప్పడం మొదలుపెట్టాడు. పాడైన రేడియో విప్పి మళ్ళీ బిగించేవాడట. వాన పడితే ఇంట్లో ఉండేవాడు కాదట. పదో తరగతి దాకా చెప్పి, ఆగిపోయి, మాస్టారి మొహంలోకి చూశాడు.