ఊడ్చిన గట్టు

"కోపంలో ఉన్నవారిని శాంతపరచడం ఎలా స్వామీ?" అని మా తోటి శిష్యుడు సోమయాజులు అడిగాడు. తన కోపాన్ని ఏనాడో జయించానని అతని నమ్మకం. ఇక చక్కబెట్టవలసింది లోకుల కోపమేనని అతని లెక్క. విశ్వంభరస్వామి అడిగిన వెంటనే బదులిచ్చే మనిషి కాదు.

మా ఆశ్రమం సముద్రానికి దగ్గర్లో, సరుగుడు తోపులో ఉండేది. ఎటు చూసినా ఇసుకే. తోపు మధ్యగా ఒక చిన్న గెడ్డ పారుతూ పోయి దిగువన ఉప్పుటేటిలో కలిసేది. మాకూ దిగువ పేటకూ తాగే నీళ్ళు ఆ గెడ్డవే. గట్టు మీద ఇసుక కదలకుండా పట్టి ఉంచేది చెట్లు రాల్చిన సన్నటి ఆకే. సోమయాజులు కంటికి అది చెత్తగా కనిపించింది. సేవ పేరు చెప్పి ఆ వేసవిలో గట్టంతా తానే ఊడ్చి అద్దంలా చేశాడు, ఆకును ఒక పక్క కుప్ప పోశాడు. ఆ తర్వాత ఒకనాడు గాలి లేచింది. ఇసుకంతా పోయి గెడ్డలో పడింది. పైన పారే నీరు కనబడకుండా ఇసుక అడుక్కి దిగిపోయింది.

మర్నాడు పొద్దున్నే దిగువ పేట నుంచి నూకాలు వచ్చింది. వస్తూనే ఖాళీ బిందె సోమయాజులు కాళ్ళ దగ్గర పడేసింది.

"గట్టు ఊడిసింది ఎవులు బాబూ? గెడ్డ పూడిపోనాది. మా కోడలు రాత్రే కన్నాది. తెల్లారగట్ల నుంచి చెలమ తోడతన్నాను, తోడినకొద్దీ ఇసకే కూలతంది. ఆ బాలింత గొంతులో ఏటి పొయ్యమంటావు?"

సోమయాజులు చిరునవ్వు నవ్వాడు. కోపం మనిషిని దహిస్తుందనీ, ముందు శాంతిస్తే తర్వాత మాట్లాడుకోవచ్చనీ నెమ్మదిగా బోధించాడు. ఆ నవ్వు చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. నీళ్ళు లేక వచ్చిన మనిషికి నీతులా? చెంప పగలగొడదామని లేచాను కూడా. స్వామి నా వంక ఒక్క చూపు చూసి కూర్చోబెట్టారు.

ఆశ్రమంలో ఉన్న మంచినీళ్ళన్నీ ఆమె బిందెలో పోయించి పంపేశారు. ఒక కొబ్బరి చిప్ప సోమయాజులు చేతికిచ్చి, మనకు తాగడానికి నువ్వే తోడి తేవాలన్నారు.

అతను గెడ్డలో కూర్చుని చెలమ తవ్వడం మొదలుపెట్టాడు. మొదట్లో స్తోత్రం చదువుకుంటూ తోడాడు. గుంట మోచేతి లోతుకు వచ్చేసరికి అంచులు కూలిపోయేవి. మళ్ళీ తోడేవాడు. కాసేపటికి స్తోత్రం ఆగిపోయింది. ఎండ నడినెత్తికి వచ్చింది, నాలుక పిడచకట్టింది. ఎట్టకేలకు అడుగున కాసిన్ని నీళ్ళు ఊరాయి. చిప్ప ముంచబోతుండగా గట్టు మీది ఇసుకను గాలి విసిరికొట్టి గుంటను నిలువునా పూడ్చేసింది.

సోమయాజులు చిప్పను నేలకేసి కొట్టాడు. "ఏ వెధవ ఊడ్చాడీ గట్టు?" అని తోపంతా దద్దరిల్లేలా అరిచాడు.

స్వామి గట్టు మీద, ఊడ్చిన ఆకు కుప్ప పక్కనే నిలబడి ఉన్నారు.

"ఇప్పుడు చెప్పు నాయనా," అన్నారు, "నిన్నెలా శాంతపరచమంటావు?"